ఎల్మోర్ జేమ్స్ స్లైడ్ గిటార్: ఆ 12వ ఫ్రెట్ పలుకు పట్టుకోవడం ఎలా

ఎల్మోర్ జేమ్స్ అమెరికన్ బ్లూస్ గిటారిస్టు. వేలికి తొడిగిన గొట్టాన్ని, అంటే స్లైడ్‌ని, తీగల మీద జార్చి వాయించేవాడు. ముందు అతని ‘డస్ట్ మై బ్రూమ్’ వినండి. 1951 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో ట్రంపెట్ అనే రికార్డుల కంపెనీకి ఎల్మోర్ చేసిన రికార్డు అది. 1936లో బ్లూస్ గిటారిస్టు రాబర్ట్ జాన్సన్ వేళ్లతో నొక్కి వాయించిన ట్రిప్లెట్లనే (దెబ్బకి మూడేసి మీటులు) ఎల్మోర్ స్లైడ్‌తో, యాంప్లిఫయర్‌లో పలికించాడు. ఆ మొదటి కొన్ని సెకన్లు పట్టుబడితే సగం పని అయినట్టే.

గిటార్‌ని ఓపెన్ డీలో శ్రుతి చేయండి, అంటే ఏ ఫ్రెట్ (మెడ మీది లోహపు కమ్మీ) దగ్గరా నొక్కకుండా మీటినా డీ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) పలకాలి. లావు తీగ (6వది) నుంచి సన్న తీగ (1వది) దాకా డీ, ఏ, డీ, ఎఫ్ షార్ప్, ఏ, డీ. కర్ణాటక సంగీతం తెలిస్తే స ప స గ ప స అనుకోండి. గ అంటే అంతర గాంధారం. మామూలు శ్రుతిలో ఉన్న గిటార్‌కి 5, 4 తీగల జోలికి పోనక్కర్లేదు. 6, 2, 1 తీగల్ని రెండేసి ఫ్రెట్ల మేర, 3వ తీగని ఒక్క ఫ్రెట్ మేర దించాలి. కావలసినదానికంటే కాస్త ఎక్కువే వదులు చేసి, పైకి బిగిస్తూ శ్రుతికి తెండి. దించి అక్కడే ఆపేస్తే వాయిస్తుండగానే జారిపోతుంది. 4వ తీగ 4వ ఫ్రెట్, 3వ తీగ ఉత్తది (ఎక్కడా నొక్కకుండా) ఒకేలా పలుకుతున్నాయో లేదో చూసుకోండి.

అకూస్టిక్ గిటార్‌కైతే సన్న తీగ 0.012 లేదా 0.013 అంగుళం ఉండే సెట్ వేయండి. ఈ శ్రుతిలో పల్చటి తీగలు వదులైపోయి, స్లైడ్ ఫ్రెట్లకి తగిలి టకటకలాడుతుంది. తీగలు మెడకి మరీ దగ్గరగా ఉన్నా అదే గొడవ.

స్లైడ్ చిటికెన వేలికి తొడగండి, మిగతా వేళ్లు నొక్కడానికి మిగులుతాయి. తీగని ఆనించడమే, అదమకూడదు. ఫ్రెట్ల మధ్య కాదు, సరిగ్గా లోహపు కమ్మీ మీదికే రావాలి. చాలామంది అలవాటుగా కాస్త వెనకే ఆపేస్తారు, స్వరం దిగిపోతుంది. గోటువాద్యంలో లాగే ఇక్కడా చెవే ప్రమాణం. ఫ్రెట్లు గుర్తులు మాత్రమే. చూపుడు వేలు స్లైడ్ వెనక తీగల మీద తేలిగ్గా పడుకుని ఉండాలి. అది లేకపోతే వెనక భాగం కూడా మోగి గరగర వినిపిస్తుంది.

ఇక అసలు పలుకు. 1, 2 తీగల మీద 10వ ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టి 12కి జారండి. అక్కడే నిలిచి దెబ్బకి మూడు మీటుల చొప్పున వాయించండి. ప్రతి మీటుకీ జారితే పేలవంగా ఉంటుంది. మొదటిదానికే జారాలి, మిగతావాటికి కమ్మీకి అటూ ఇటూ సన్నగా వణికించాలి. లయ కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, మూడు మీటులూ సమానంగా పడ్డాకే వేగం పెంచండి.

తర్వాత బేస్: 6, 5 తీగలు కలిపి రెండుసార్లు ఉత్తగా, రెండుసార్లు 5వ తీగ 2వ ఫ్రెట్ నొక్కి. పాట జీ కార్డ్‌కి మారినప్పుడు స్లైడ్ 5వ ఫ్రెట్‌కి, ఏ కార్డ్‌కి మారినప్పుడు 7కి వెళ్తుంది.

ఎల్మోర్ రేడియోలు బాగుచేసే కొట్లో పనిచేసినవాడు. అకూస్టిక్ గిటార్‌కి పికప్ (తీగల కదలికని యాంప్‌కి పంపే పరికరం) తగిలించి వాయించేవాడు. చిన్న ట్యూబ్ యాంప్‌లో వాల్యూమ్ బాగా పెంచండి, ధ్వనిని చిట్లించే గెయిన్ పెడల్ వద్దు. వేళ్ల బలం మారినప్పుడల్లా ధ్వని చిట్లడం, తేటపడడం వినిపించాలి.

ఇదంతా కుదిరాక 1959లో షికాగోలో చేసిన ‘ది స్కై ఈజ్ క్రయింగ్’ పట్టండి. లయ నెమ్మది కాబట్టి శ్రుతి తప్పితే వెంటనే దొరికిపోతుంది. ఒక్కో జారుడు ఎక్కడ ఆగుతోందో విని, తోడుగా ఉత్త తీగ మీటి సరిచూసుకోండి.