కట్టడాన్ని చదవడం – 4వ పాఠం: తొమ్మిది గడులు, నడుమ ఖాళీ

గత పాఠంలో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందుభాగాన్ని గీశాం. బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ డిజైన్ చేసిన ఆ భవనం 1939లో ప్రారంభమైంది. స్తంభాలూ వాటి మీది దూలాలూ ఒక సంప్రదాయం నుంచి, కమానులు ఇంకో సంప్రదాయం నుంచి వచ్చి ఒకే గ్రానైటులో ఎలా ఇమిడాయో మీ నోటుబుక్కులోనే చూసుకున్నారు. అక్కడ చరిత్ర మొహం మీదే ఉంటుంది. ఎదురుగా నిలబడి వేలు పెట్టి చూపించొచ్చు.

ఈసారి తీసుకున్న కట్టడం అలా కాదు. దాని ముందు నిలబడితే ఎర్రటి ఎత్తు గోడ తప్ప పెద్దగా ఏమీ కనపడదు. దాని చరిత్ర ప్లాన్‌లో ఉంది. ఇల్లు కట్టుకున్నవాళ్లందరం ప్లాన్ చూసినవాళ్లమే. గోడల్ని కిటికీ ఎత్తులో అడ్డంగా కోసి పైనుంచి చూస్తే కనపడే బొమ్మ అది. మనం మామూలుగా దాన్ని కొలతల కోసమే చూస్తాం: బెడ్‌రూమ్ ఎంత వచ్చింది, వంటిల్లు ఆగ్నేయంలో పడిందా లేదా. కానీ ఆర్కిటెక్ట్ అసలు ఆలోచన కూడా ఆ గీతల్లోనే ఉంటుంది. దాన్ని బయటికి తీయడం ఈ పాఠంలో నేర్చుకుందాం. అందుకు దగ్గరి దారి ఒక్కటే, ఆ ప్లాన్‌ని మన చేత్తో మనం మళ్లీ గీయడం. గళ్ల నోటుబుక్కు, పెన్సిలు, రబ్బరు, స్కేలు దగ్గర పెట్టుకోండి.

కట్టడం జైపూర్‌లోని జవహర్ కళా కేంద్రం. ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా. 1930లో మన సికింద్రాబాద్‌లోనే పుట్టారు, పనంతా బొంబాయి నుంచి చేశారు. రాజస్థాన్ ప్రభుత్వం కోసం 1986లో ఈ డిజైన్ మొదలుపెట్టారు. కట్టడం 1990ల మొదట్లో పూర్తయింది.

మొదటి పేజీ: ఊరు

ముగ్గు పెట్టే ఇంట్లో ఈ పని కొత్తగా ఉండదు. నాలుగు చుక్కలు, నాలుగు వరసలు. చుక్కకీ చుక్కకీ నడుమ 3 సెంటీమీటర్లు. నిలువుగా, అడ్డంగా కలిపితే తొమ్మిది గడులు వస్తాయి. పెన్సిలు గట్టిగా ఒత్తకండి, వీటిలో కొన్ని గీతలు చెరపాల్సి ఉంటుంది. పేజీ పై అంచున ఉత్తరం అని రాయండి. ఇలాంటిదే మరో బొమ్మ పక్క పేజీలో కూడా గీసి పెట్టుకోండి.

మొదటి బొమ్మ జైపూర్ నగరం. 1727లో సవాయి జై సింగ్ తన రాజధానిని అమేర్ కొండల నుంచి కింది మైదానానికి తెచ్చాడు. ఊరి ప్లాన్ వెనక ఉన్న మనిషి బెంగాలీ అయిన విద్యాధర్ భట్టాచార్య. ఊరిని తొమ్మిది గడులుగా విడదీసి, గడుల మధ్య వెడల్పైన బజారు వీధులు పెట్టారు. ఒక్కో గడి పక్క కొలత దాదాపు 800 మీటర్లు. నడిమి భాగం రాజప్రాసాదానికి ఉంచారు. పెద్ద వీధులు కలిసే చోట విశాలమైన కూడళ్లు వదిలారు. బడీ చౌపడ్, ఛోటీ చౌపడ్ అని ఇవాళ్టికీ పిలిచేవి అవే.

కాగితం మీద అంతా కుదిరింది. నేల మీదికి వచ్చేసరికి వాయవ్య మూల నాహర్‌గఢ్ కొండలు అడ్డొచ్చాయి. అక్కడ గడి పడదు. మీ బొమ్మలో ఎడమ పక్క పై మూల గడిని రబ్బరుతో చెరపండి. అదే కొలతలో కొత్త గడిని కుడి పక్క, కింది వరస చివర ఆనించి గీయండి. లెక్క మళ్లీ తొమ్మిది అయింది.

ఇప్పుడు నోటుబుక్కుని చేతి దూరంలో పెట్టి చూడండి. నిండు చదరంగా ఉన్నప్పుడు అది వాస్తు శాస్త్రంలో ఉండే మండలం, అంటే గడుల పటం, ఏ ఊరికైనా వేసుకోవచ్చు. ఒక మూల జరిగాక అది జైపూర్ తప్ప ఇంకో ఊరు కాదు. కొండని లేనట్టు నటించకుండా, తొమ్మిది అన్న లెక్కనీ వదులుకోకుండా పని పూర్తి చేశారు. ఈ ప్లాన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ జరిగిన గడే.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. జైపూర్ అనగానే అందరికీ గులాబీ రంగు గుర్తొస్తుంది. ఊరికి ఆ రంగు వేసింది 1876లో, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ రాక సందర్భంగా. అప్పటికే ఈ తొమ్మిది గడుల ప్లాన్ వయసు దాదాపు 150 ఏళ్లు. జైపూర్ పద్ధతిలో ఏదైనా కట్టమని అడిగితే చాలామంది చేతికి ముందు దొరికేది ఆ గులాబీ రంగు, గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చే ఆ జరోఖా కిటికీలు. కొరియా వాటిని దాటి, వాటికంటే పాతదైన ప్లాన్ దగ్గరికి వెళ్లారు.

రెండో పేజీ: కట్టడం

ఇక్కడా గడి 3 సెంటీమీటర్లే, స్కేలు వేరు. కళా కేంద్రంలో ఒక్కో గడి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. అంటే మన బొమ్మ 1:1000 స్కేలులో ఉంది. కాగితం మీద 1 సెంటీమీటరు నేల మీద 10 మీటర్లు. ఒక గడి 900 చదరపు మీటర్లు, గజాల్లో చెబితే వెయ్యికి పైమాటే. మొదటి పేజీలో ఇదే 3 సెంటీమీటర్లు ఒక పేట మొత్తాన్ని పట్టింది. ఇక్కడ ఒక లైబ్రరీనో, ఒక థియేటరునో పడుతుంది. ప్రతి కొలత పక్కనా అసలు మీటర్లు రాసుకోండి. స్కేలు మర్చిపోయి ప్లాన్ చూస్తే అది ఉత్త డిజైన్ బొమ్మే.

ప్రతి గడికీ ఒక గ్రహం పేరు ఉంది. గుళ్లో నవగ్రహాల చుట్టూ ప్రదక్షిణ చేసినవాళ్లకి ఈ అమరిక తెలిసిందే: నడుమ సూర్యుడు, చుట్టూ ఎనిమిది మంది. గురుడి గడిలో లైబ్రరీ. శుక్రుడికి నాటకశాల. చంద్రుడికి క్యాంటీన్, అతిథుల గదులు. కుజుడికి ఆఫీసు. మిగతా గడుల్లో ఎక్కువగా ప్రదర్శనశాలలు. జై సింగ్ స్వయంగా ఖగోళం చదివినవాడు, జంతర్ మంతర్ అనే వేధశాల కట్టించినవాడు. కాబట్టి ఈ ఊళ్లో గ్రహాల పేర్లు పెట్టడం అరువు తెచ్చుకున్న ఆలోచన కాదు.

గడుల సరిహద్దులన్నీ గోడలే, వాటిని ముదురుగా దిద్దండి. ఒక గడి నుంచి పక్క గడిలోకి వెళ్లడానికి అక్కడక్కడ గీత తెంచి దారి వదలండి.

నడిమి గడి దగ్గర ఆగండి. అందులో గది గీయొద్దు. ఒకదాని లోపల ఒకటిగా నాలుగైదు చదరాలు గీయండి. అవి మెట్లు, మన కోనేటి మెట్లలాగే నాలుగు వైపుల నుంచీ లోపలికి దిగుతాయి. రాజస్థాన్, గుజరాత్‌లలోని కుండ్‌ల నుంచి తీసుకున్న రూపం ఇది. పైన కప్పు లేదు. సూర్యుడి గడిలో ఉన్నది ఎండే.

కోస్తాలో మండువా లోగిలి చూసినవాళ్లకీ, తెలంగాణలో పాత భవంతి చూసినవాళ్లకీ ఈ నడిమి ఖాళీ పరిచయమే. బ్రహ్మస్థానంలో బరువు పెట్టొద్దని వాస్తు చెప్పేవాళ్లు ఇప్పటికీ అంటారు. కానీ ఇక్కడ మీ రెండు పేజీలనీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. పాత ఊళ్లో నడుమ రాజుగారి నగరు ఉంది. కళా కేంద్రంలో అదే చోట ఎవరూ లేరు. అక్కడ కచేరీ పెట్టొచ్చు, నాటకం ఆడొచ్చు, ఏ పనీ లేకుండా మెట్ల మీద కూర్చోవచ్చు. నడిమి గడి శూన్యమనీ, ఆ శూన్యమే శక్తికి మూలమనీ కొరియా వివరించేవారు. ఆ వివరణ లోతైనదే. నాకు మాత్రం ఇందులో ఇంకోటి కూడా కనిపిస్తుంది. రాజు కోసం గీసిన పటాన్ని, రాజులు పోయిన దేశంలో ప్రజల కోసం మళ్లీ గీయాలంటే ఏ గడి మార్చాలో ఆ గడే మారింది.

ఇక మూల గడి. మనం సాధన కోసం గీస్తున్నాం కాబట్టి మీకు నచ్చిన మూల తీసుకోండి. ఆ గడిని చెరిపి, అదే కొలతలో కాస్త ఎడంగా, కొంచెం వాలుగా తిప్పి గీయండి. కళా కేంద్రంలో ఒక గడి ఇలాగే చోటు తప్పి ఉంటుంది. లోపలికి వెళ్లే దారి ఆ ఖాళీలోనే ఏర్పడింది.

ఇక్కడ మంచి విద్యార్థికి ఒక అనుమానం రావాలి. పాత ఊళ్లో గడి జరగడానికి కొండ కారణం. ఇక్కడ అడ్డొచ్చిన కొండ ఏదీ లేదు. కారణం లేకుండా ఆకారాన్ని మాత్రం తెచ్చుకుంటే అది నకలు కాదా? న్యాయమైన ప్రశ్నే, తేలిగ్గా కొట్టెయ్యకూడదు. నా జవాబు ఇది. నిండు చదరంగా వదిలేస్తే ఎత్తు గోడలో ఎక్కడో ఒక చోట పెద్ద గుమ్మం పెట్టి, ఇదే దారి అని చూపించడానికి దానికి ఏదో ఒక అలంకారం చేయాల్సి వచ్చేది. మూల తెరుచుకోగానే ఆ సందే గుమ్మం అయింది. ఊరి ప్లాన్‌లో కొండ నుంచి తప్పుకోవడానికి పుట్టిన ఆకారానికి ఇక్కడ కొత్త పని దొరికింది. ఆ పని చేయకుండా ఊరికే జరిగి నిలబడితే మాత్రం అది నకలే అయ్యేది.

గోడ

ప్లాన్ ఒక్కటే చూస్తే గోడ ఒక నల్ల గీత. అది ఎంత ఎత్తో తెలియదు. కొత్త పేజీలో 15 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల ఎత్తుతో ఒక దీర్ఘచతురస్రం గీయండి. ఇది 1:200 స్కేలు. అంటే 30 మీటర్ల పొడవు, 8 మీటర్ల ఎత్తు ఉన్న ఒక గడి గోడ. దాని కింద ఒక మనిషిని నిలబెట్టండి, ఎత్తు 8 మిల్లీమీటర్లు. తల, ఒళ్లు, కాళ్లు వచ్చేలా రెండు గీతలు చాలు. ఇప్పుడు ఆ మనిషి పక్కన గోడ ఎంతుందో చూడండి. అయిదింతలు.

గోడకి ఎర్ర ఇసుకరాయి తొడిగారు. పై అంచున లేత రంగు ధోల్‌పూర్ రాయి. జంతర్ మంతర్‌లోనూ, ఆగ్రా కోటలోనూ కనపడేవి ఈ రాళ్లే. గోడ మీద ఆ గడి తాలూకు గ్రహం గుర్తు తెల్ల పాలరాయి, నల్ల గ్రానైటు, అభ్రకం మెరుపున్న పలకరాయి పొదిగి చేశారు. అంతకు మించి పై పని పెద్దగా లేదు.

నాకు ఈ గోడ మీద ఒక ఫిర్యాదు ఉంది. వీధిలో నడిచిపోయే మనిషికి అది కోటగోడలా కనపడుతుంది, లోపల అందరికీ చోటుందన్న సంగతి బయటికి చెప్పదు. పాత జైపూర్‌లో గడుల అంచున బజారు కొట్లు ఉంటాయి కాబట్టి అక్కడ గడి వీధి వైపే తిరిగి ఉంటుంది. కళా కేంద్రం ఊరి నుంచి లెక్క తీసుకుంది, అంగడిని తీసుకోలేదు.

చెరిపి చూడటం

ఈ పాఠంలో గట్టిగా పట్టుకోవాల్సిన పద్ధతి ఇదే. ఏదైనా కొత్త కట్టడం చరిత్రని కలుపుకుంది అని ఎవరైనా అంటే, ముందు దాని పైపని అంతా మనసులో చెరిపేయండి. రంగు, చెక్కడాలు, పేర్లు, గుర్తులు. తర్వాత ప్లాన్ చూడండి. చరిత్ర ఇంకా అక్కడ ఉందా?

కళా కేంద్రంలో గ్రహాల పేర్లు చెరపండి, పొదిగిన రాళ్లు తీసేయండి. నడిమి ఖాళీ ఉంటుంది, జరిగిన మూల ఉంటుంది, గడి నుంచి గడికి నడిచే నడక ఉంటుంది. ఆర్ట్స్ కాలేజీకి ఇదే చేస్తే మిగిలేది చక్కటి క్రమంలో కట్టిన విద్యాలయం. అందువల్ల అది తక్కువది అయిపోదు. దాని గొప్పతనం రాతి పనిలో, నిష్పత్తిలో ఉంది, దాన్ని గత పాఠంలో చూసిన కళ్లతోనే చూడాలి. కానీ కాలనీ గేటుకి కాకతీయ తోరణం అచ్చు పోసి, లోపల ఎక్కడైనా కనపడే బ్లాకులే కట్టినప్పుడు, ఈ పరీక్షలో మిగిలేది ఏమీ ఉండదు. ఓరుగల్లు కోటలో ఆ తోరణాలు నాలుగు దిక్కులా నిలబడి నడిమి గుడి ఆవరణకి హద్దు చూపిస్తాయి. లోపల ఏ నడుమా లేని చోట తోరణం దేనికి హద్దు చూపిస్తుంది? ఆ కట్టడాల్ని ప్రేమించేవాళ్లం ఈ ప్రశ్న గట్టిగానే అడగాలి.

ఇంటిపని

మీకు దగ్గర్లో ఉన్న పాత ఇల్లు, గుడి, సత్రం, బడి, ఏదైనా ఒకటి తీసుకోండి. అడుగులతో కొలిచి ప్లాన్ గీయండి. మీ అడుగు ఎంత పొడవో ముందే టేపుతో చూసుకోండి. గోడలు ముదురుగా, కప్పు లేని చోటు తెల్లగా వదలండి. తర్వాత ఆ ప్లాన్ మీద పల్చటి ట్రేసింగ్ పేపరు వేసి, ఇవాళ్టి అవసరానికి, అంటే ఒక క్లినిక్కో గ్రంథాలయమో కావాలంటే, ఏ ఒక్క గడి మార్చాలో గీయండి. ఒక్కటే మార్చాలి. రెండు మార్చాలనిపిస్తే మొదటిది సరిగ్గా ఎంచుకోలేదన్నమాట.

చేతికి అలవాటు కావడానికి కొరియాదే మరో ప్లాన్ ఉంది, సబర్మతి ఆశ్రమంలోని గాంధీ స్మారక సంగ్రహాలయం. 1963లో నెహ్రూ ప్రారంభించారు. అక్కడ గడి పక్క కొలత 6 మీటర్లు. మన 3 సెంటీమీటర్ల గడులే వాడండి, ఈసారి స్కేలు 1:200 అవుతుంది. ఇటుక పిల్లర్లు, పెంకుల కప్పు, రాతి నేల, గాజు బదులు చెక్క రెక్కల కిటికీలు. కొన్ని గడులకి కప్పు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఇక్కడ నిండు చదరం లేదు, గడులు ఒక పల్లెలో ఇళ్లలా అటూ ఇటూ పెరుగుతాయి. ఫొటోలు చూసి ఏ గడి తెరిచి ఉందో, ఏది మూసి ఉందో గుర్తు పెట్టండి.

5వ పాఠం సెక్షన్ గురించి, అంటే కట్టడాన్ని నిలువునా కోసి చూడటం. అందుకు హైదరాబాద్‌లో 1960ల్లో కొరియా కట్టిన ఈసీఐఎల్ ఆఫీసు భవనాన్ని తీసుకుంటాం. ఎండని కప్పు దాకా రాకుండానే ఆపడానికి డాబా మీద ఆయన పందిరి లాంటి ఏర్పాటు చేశారు. అది ప్లాన్‌లో అర్థం కాదు, నిలువు కోతలోనే అర్థమవుతుంది. ఆలోగా మీ ఇంట్లో దక్షిణపు కిటికీలోంచి మధ్యాహ్నం పన్నెండింటికి ఎండ నేల మీద ఎంత దూరం వస్తుందో టేపు పెట్టి కొలిచి, తేదీతో సహా నోటుబుక్కు చివరి పేజీలో రాసి ఉంచండి. వచ్చే పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది.