అష్టాంగ యోగాలో అడుగు ముందుకు పడట్లేదా? నొప్పి ఒక చోట, కారణం ఇంకో చోట

ముందే ఒక మాట. ఇక్కడ అష్టాంగ అంటే పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల గురించి కాదు. మైసూరులో పట్టాభి జోయిస్ గారు 1948లో సంస్థ పెట్టి నేర్పిన విన్యాస పద్ధతి గురించి, అంటే ఒక్కో శ్వాసకి ఒక్కో కదలిక చొప్పున, రోజూ అవే ఆసనాలు అదే వరసలో చేసుకుంటూ పోయే సాధన గురించి. వరస మారకపోవడం కొందరికి విసుగు పుట్టిస్తుంది గానీ, తప్పు ఎక్కడుందో వెతకాల్సి వచ్చినప్పుడు అదే మనకి పెద్ద సాయం. ఎక్కడ ఆగిపోయారో చెబితే చాలు, దానికి ముందు వచ్చే నాలుగైదు ఆసనాలు చూసి కారణం చాలావరకు పట్టేయొచ్చు. మనం మాత్రం ఆగిన ఆసనం మీదే నెలల తరబడి కుస్తీ పడతాం. నేనూ పడ్డాను, మోకాలు చెడగొట్టుకున్నాను, ఆ సంగతి కింద ఉంది.

సూర్యనమస్కారాలకే ఆయాసం వచ్చేస్తోంది

సూర్యనమస్కారాల్లో ఎ, బి అని రెండు రకాలు. ఐదు ఎ, ఐదు బి అయ్యేసరికి నోటితో గాలి పీలుస్తుంటారు, త్రికోణాసనం మొదలవకముందే కాళ్ళు వణుకుతాయి. స్టామినా లేదనుకుని జాగింగ్ మొదలుపెట్టిన వాళ్ళని చూశాను. చాలాసార్లు అసలు కారణం వేరే. శరీరం ముందు వెళ్ళిపోతోంది, శ్వాస వెనకాల పరిగెడుతోంది.

ఒకసారి ఇలా చూసుకోండి. సమస్థితిలో నిలబడి, ఏకం అనుకుని, ముందు గాలి తీసుకోవడం మొదలుపెట్టి ఆ తర్వాత చేతులు లేపండి. అరచేతులు పైన కలిసేసరికి ఊపిరి ఇంకా కొంచెం లోపలికి వెళ్తూనే ఉండాలి. చేతులు ఎప్పుడో పైకి వెళ్ళిపోయి, గాలి సగంలోనే ఆగిందా? అయితే మొదటి కదలిక నుంచే మీరు అప్పులో ఉన్నారన్నమాట. సూర్యనమస్కారం ఎ లో తొమ్మిది విన్యాసాలు, బి లో పదిహేడు. అప్పు పెరుగుతూ పోతుంది.

కొన్ని వారాల పాటు మూడు ఎ, మూడు బి చాలు. అధోముఖ శ్వానాసనంలో (చేతులు, కాళ్ళు నేలకి ఆనించి నడుం పైకెత్తి ఉండేది) ఐదు శ్వాసలూ నిజంగా లెక్కపెట్టండి, మూడున్నరకే దూకేయకండి. ఈ సాధనలో శ్వాస తీసుకుంటుంటే గొంతులో వచ్చే సన్నని శబ్దం మీకు వినిపిస్తే చాలు, పక్క మ్యాట్ వాళ్ళు తల తిప్పి చూసేంత గట్టిగా అక్కర్లేదు. అలా గట్టిగా లాగితే గొంతు బిగుసుకుని ఇంకా తొందరగా అలిసిపోతారు. నెమ్మదిగా చేసినా ఆయాసం తగ్గకపోయినా, ఛాతీలో పట్టేసినట్టు ఉన్నా, కళ్ళు తిరుగుతున్నా అక్కడితో ఆపి డాక్టర్‌కి చూపించుకోండి.

భుజం ముందు భాగంలో నొప్పి, లేదా మణికట్టు

నేరుగా చతురంగ దండాసనం దగ్గరికి వెళ్ళండి, అంటే చేతులు, కాలివేళ్ళ మీద కర్రలా ఉండి మోచేతులు వంచి కిందికి దిగేది. లెక్క చూస్తే మీకే అర్థమవుతుంది: ఎ లో ఒకసారి, బి లో మూడుసార్లు, ఐదేసి చొప్పున చేస్తే సూర్యనమస్కారాలకే ఇరవై చతురంగలు. కూర్చుని చేసే ఆసనాల మధ్య, ఒక్కోసారి కుడికీ ఎడమకీ మధ్య కూడా, మళ్ళీ అదే. ఒక చిన్న తప్పు రోజుకి ఇన్నిసార్లు చేస్తే భుజం ఊరుకోదు.

తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే. కిందికి దిగేటప్పుడు భుజాలు మోచేతుల కంటే కిందికి జారిపోతాయి, మోచేతులు రెక్కల్లా పక్కలకి విచ్చుకుంటాయి. ఫోన్‌లో పక్క నుంచి వీడియో తీసుకుని ఒక్కసారి చూడండి, చెప్పడం కంటే అదే నయం. దిగే ముందు కాలివేళ్ళ మీద కొద్దిగా ముందుకి జరగాలి, అప్పుడు మోచేతులు మణికట్లకి సరిగ్గా పైన ఉంటాయి. భుజం మోచేతి ఎత్తుకి రాగానే ఆగిపోండి. అలా ఆగలేకపోతే మోకాళ్ళు నేలకి ఆనించి చేయండి, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. మణికట్టు నొప్పి అయితే బరువు చిటికెనవేలి వైపు పడుతోందేమో చూడండి. బొటనవేలు, చూపుడువేలు మొదళ్ళు మ్యాట్‌కి నొక్కి ఉంచితే చాలామందికి సగం తగ్గిపోతుంది.

వంగినప్పుడు పిరుదు కింద ఎముక దగ్గర సూదిలా పొడుస్తోంది

తొడ వెనక కండరం మధ్యలో లాగడం మామూలే. కానీ కూర్చునే ఎముక దగ్గర, కండరం అతుక్కునే చోట నొప్పి వస్తే, కుర్చీలో ఎక్కువసేపు కూర్చున్నా తెలుస్తుంటే, అది బిగువు కాదు. అతుకు దెబ్బతింటోంది. పాదాంగుష్ఠాసనం నుంచి పశ్చిమోత్తానాసనం దాకా ప్రైమరీ సిరీస్ (ఈ పద్ధతిలో అందరూ మొదలుపెట్టే మొదటి వరస) అంతా ముందుకి వంగడమే కదా, అందుకని ఈ నొప్పి ఇక్కడ చాలా మామూలు. ఇంకా సాగదీస్తే పోతుందనుకోవడమే చేసే పెద్ద పొరపాటు.

మోకాళ్ళు కొంచెం వంచండి, వంగడం సగానికి తగ్గించండి, మడమలు నేలకి నొక్కి తొడ ముందు కండరం బిగించి ఉంచండి. గడ్డం మోకాలికి తగలకపోతే తగలకపోనివ్వండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం పైకెత్తే వ్యాయామం రోజూ కాసేపు చేస్తే ఆ కండరానికి బలం వస్తుంది. ఇది వారాల్లో తగ్గేది కాదు, నెలలు పడుతుంది. కాలి కిందికంటా తిమ్మిరి పాకుతుంటే ఇది వేరే కథ, ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి.

మోకాలు లోపలి వైపు నొప్పి, అర్ధపద్మం పడట్లేదు

ఇదే నా కథ. అర్ధబద్ధ పద్మ పశ్చిమోత్తానాసనంలో పాదం తొడ మీదకి రాకపోతే రెండు చేతులతో చీలమండ పట్టుకుని లాగేవాణ్ణి. ఒకరోజు మోకాలి లోపలి వైపు టక్‌మంది. పెద్ద నొప్పేం రాలేదు, పైగా ఆ రోజు పాదం పైకి వచ్చింది కూడా, కాబట్టి సంతోషించాను. మర్నాడు మెట్లు దిగుతుంటే తెలిసింది. తర్వాత రెండు నెలలు కూర్చుని చేసే సగం ఆసనాలు లేవు నాకు.

మోకాలు తలుపు బందు లాంటిది, ముడుచుకోవడానికి, తెరుచుకోవడానికి. పక్కకి తిరగాల్సింది తుంటి. తుంటి తిరగనప్పుడు పాదాన్ని పైకి లాగితే ఆ మిగిలిన తిప్పుడంతా మోకాలి మీద పడుతుంది. మీది తుంటి సమస్యేనా అని చూసుకోవడానికి జాను శీర్షాసనం ఎ (ఒక కాలు చాపి, రెండోది మడిచి పక్కకి పెట్టి ముందుకి వంగేది) చాలు. మడిచిన కాలి మోకాలు అందులోనే గాల్లో తేలుతుంటే అర్ధపద్మం జోలికి ఇంకా వెళ్ళకూడదు.

చేసే పద్ధతి ఇది, తొందర లేకుండా. ముందు మోకాలు పూర్తిగా మూయండి, మడమ పిరుదుకి తగిలేంత. అలా మూసి ఉంచుతూనే తొడని మొత్తంగా బయటికి తిప్పుతూ పక్కకి దించండి. ఆ తర్వాతే, మోకాలు తెరుచుకోకుండా, మడమని బొడ్డు వైపు తీసుకురండి. పాదం పక్కకి వంకరపోతుంటే కాలివేళ్ళు విప్పి చీలమండని గట్టిగా ఉంచండి. మోకాలిని చేత్తో కిందికి నొక్కొద్దు, ఇంకెవర్నీ నొక్కనివ్వొద్దు. చురుక్కుమంటే పాదాన్ని నేల మీదే ఉంచి జాను శీర్షాసనంలా వంగి ఐదు శ్వాసలు తీసుకుని ముందుకి వెళ్ళిపోండి.

మరీచ్యాసనం డి దగ్గర ఏడాదిగా ఆగిపోయాను

మైసూరు పద్ధతిలో ఒక ఆసనం కుదిరితేనే గురువు తర్వాతిది ఇస్తారు కదా, అందుకే ఇక్కడ క్యూ ఎక్కువ. ఒక కాలు అర్ధపద్మం, రెండో మోకాలు పైకి, నడుం తిప్పి చెయ్యి ఆ మోకాలి చుట్టూ చుట్టి వీపు వెనక రెండో చెయ్యి పట్టుకోవాలి. అసలు సంగతేంటంటే డి లో కొత్తది ఏమీ లేదు. బి లో ఉన్న అర్ధపద్మం, సి లో ఉన్న మెలిక, రెండూ ఒకేసారి అడుగుతుంది, అంతే.

కాబట్టి డి ని వదిలేసి బి, సి చూడండి. బి లో పద్మం వేసిన మోకాలు నేలకి దూరంగా ఉంటే పైన చెప్పిన తుంటి సంగతే, దాని పని అక్కడే తేలాలి. బి హాయిగా ఉండి సి లో చేతులు కలవకపోతే తిరగడంలో ఇబ్బంది. అప్పుడు చూడాల్సింది ఊపిరి. చాలామంది గాలి బిగబట్టి పొట్ట నింపుకుని తిరగడానికి చూస్తారు. గాలి వదులుతూ, పొట్ట లోపలికి వెళ్ళాక తిరిగి చూడండి, బెత్తెడు తేడా వస్తుంది. భుజం మోకాలిని దాటాక చెయ్యి చుట్టడం తేలిక, దాటకముందే వేళ్ళ కోసం వెతుక్కోవడం దండగ. బి, సి రెండూ బాగుండి డి ఒక్కటే రాకపోతే మాత్రం మీకు కావాల్సింది ఓపిక, ఒక చిన్న తువ్వాలు. తువ్వాలు రెండు చివర్లు పట్టుకుని చేయండి, కొన్నాళ్ళకి దాని పొడుగు తగ్గుతూ వస్తుంది.

కాళ్ళు చేతుల మధ్య నుంచి ముందుకి రావట్లేదు

కూర్చుని చేసే ఆసనాల మధ్య అధోముఖ శ్వానాసనం నుంచి చేతుల మధ్యగా దూకి కూర్చోవాలి కదా, దాని సంగతి ఇది. "నా చేతులు పొట్టివండీ" అని అందరూ అనే మాటే. కొందరికి నిజమే కావచ్చు, బ్లాకుల మీద చేతులు పెట్టి చూస్తే తేలిపోతుంది. మిగతావాళ్ళు నావాసనాన్ని (పిరుదుల మీద కూర్చుని కాళ్ళు పైకెత్తి పడవలా ఉండేది) చూడాలి. అది ఐదుసార్లు చేస్తాం, మధ్యలో ప్రతిసారీ కాళ్ళు కత్తెర వేసి చేతుల మీద లేవాలి. అక్కడ మనం ఎగ్గొట్టి ఊపిరి పీల్చుకుంటాం, అసలు బలం వచ్చేది ఆ లేవడంలోనే. పిరుదులు లేచి పాదాలు నేలనే ఉన్నా సరే, లేవండి. ఈలోగా విన్యాసంలో పాదాలు నడిపించుకుంటూ రండి, శ్వాస తెగకుండా ఉంటే చాలు.

ఊర్ధ్వ ధనురాసనంలో నడుం కింద పట్టేస్తోంది

వెల్లకిలా పడుకుని చేతులు, పాదాల మీద విల్లులా పైకి లేచే ఆసనం ఇది. వంగాల్సిన మిగతా చోట్లు వంగకపోతే ఉన్న వంపంతా నడుం ఒక్కటే మోస్తుంది. తొడల ముందు భాగం, చంకలు, వీపు పైభాగం బిగిసి ఉంటాయి. పొద్దున్నుంచి, చతురంగ తర్వాత ఛాతీ పైకెత్తే ఊర్ధ్వముఖ శ్వానాసనం ఎన్నిసార్లు వచ్చింది? అన్నిసార్లూ తొడలు మ్యాట్ మీదే వదిలేసి, భుజాలు చెవుల దాకా తెచ్చారా? అదే ఇక్కడ తేలుతుంది. తొడలు నేలకి తగలకుండా లేపి, ఛాతీని చేతుల మధ్య నుంచి ముందుకి లాగడం అలవాటు చేసుకుంటే వెనక్కి వంగడం సగం అక్కడే నేర్చుకుంటారు. ఊర్ధ్వ ధనురాసనంలో పాదాలు బయటికి తిరిగిపోకుండా చూసుకోండి.

వారానికి ఆరు రోజులు నా వల్ల కావట్లేదు

సంప్రదాయంలోనే శనివారం సెలవు, అమావాస్య, పౌర్ణమి సెలవులు, నెలసరిలో మొదటి మూడు రోజులు సెలవు. వాటిని కూడా వదలకుండా చేసి అలిసిపోయామనేవాళ్ళని ఏమనాలో తెలీదు. టైం లేని రోజు సూర్యనమస్కారాలు చేసి, చివర బద్ధ పద్మాసనం, పద్మాసనం, ఉత్‌ప్లుతిః (పద్మంలోనే చేతుల మీద పైకి లేవడం) చేసి పడుకోండి. పద్మం రాకపోతే మామూలుగా కాళ్ళు ముడుచుకుని కూర్చోండి. వారానికి రెండుసార్లు గంటన్నర చేసేవాళ్ళ కంటే రోజూ ఇరవై నిమిషాలు చేసేవాళ్ళకే ఒళ్ళు తొందరగా వంగడం చూశాను.

కుడివైపు వస్తుంది, ఎడమవైపు రాదు

అందరికీ అంతే. రాని వైపు ఇంకో ఐదు శ్వాసలు ఎక్కువ ఉండండి, వచ్చే వైపుని మాత్రం దాని చివరిదాకా తీసుకెళ్ళకండి. నాకు మరీచ్యాసనం డి ఒక పక్క వేళ్ళు కలిసి చాలా కాలమైంది, రెండో పక్కకి మాత్రం చేతిలో తువ్వాలు ఇప్పటికీ ఉంది.