అడవి పక్షుల మాంసం గట్టిపడకుండా వండే విధానం

అడవి పక్షి మాంసాన్ని ఫారం కోడిని వండినట్లే వండితే అది దాదాపు ప్రతిసారీ గట్టిపడుతుంది. ఫారం కోడి కొన్ని వారాల వయసులోనే, పెద్దగా కదలకుండా పెరిగి వంటింటికి వస్తుంది. కౌజు, ఫెజెంట్ (కోడి జాతికి దగ్గరి పెద్ద అడవి పక్షి), అడవి బాతు వంటివి తిండి కోసం నడుస్తూ, ఎగురుతూ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతికి ఉంటాయి కనుక వాటి కండరాలలో కొవ్వు బాగా తక్కువగా ఉంటుంది, వాటిని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ మాత్రం ఎంతో బలంగా ఉంటుంది. కొవ్వు లేకపోవడం రొమ్ము మాంసానికి చేటు చేస్తుంది, కొల్లాజెన్ కాళ్లను నమలనివ్వదు. ఈ రెండింటికీ కావలసిన వేడి వేరు, సమయం వేరు. ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

వేటకు అనుమతి ఉన్న జాతులు, కాలం ఒక్కో దేశంలో ఒక్కో విధంగా ఉంటాయి కనుక చట్టబద్ధంగా లభించిన పక్షినే వాడాలి.

మెత్తదనం పొయ్యి దగ్గర మొదలయ్యేది కాదు. పక్షి చనిపోయిన వెంటనే పేగులు తీసివేసి, మెడ కింద గింజలు నిలిచి ఉండే సంచిని కూడా తొలగించి, శరీరాన్ని వీలైనంత త్వరగా చల్లబరచాలి. వెచ్చగా ఉన్న పక్షులను ఒకదానిపై ఒకటి సంచిలో కుక్కితే మాంసం త్వరగా చెడిపోతుంది. చనిపోయిన కొద్ది గంటల్లో కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగువులో ఉండగానే వండిన మాంసం ఎంత ఉడికించినా రబ్బరులా సాగుతుంది. అందువల్ల శుభ్రం చేసిన పక్షిని 1 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో ఉంచి కొంతకాలం ఆగాలి. పూరేడు వంటి చిన్న పిట్టకు ఒక రోజు చాలు, ఫెజెంట్ అంతటి పక్షికి రెండు నుంచి నాలుగు రోజులు మంచిది. ఈ వ్యవధిలో కండరంలో సహజంగా ఉండే ఎంజైములు దాని తంతువులను కొంత కొంతగా తెగగొడతాయి. అయితే తుపాకీ గుండు పేగులకు తగిలి లోపలి మలినం మాంసానికి అంటిన పక్షిని ఇలా నిలవ ఉంచకూడదు. అంటిన భాగాన్ని కోసి పారవేసి, మిగిలినదాన్ని వెంటనే చల్లబరచి త్వరగా వండుకోవాలి.

ఓపిక ఉంటే చర్మం ఒలిచివేయకుండా ఈకలు పీకడమే మేలు. ఇంత తక్కువ కొవ్వు ఉన్న మాంసానికి ఆ పలుచని చర్మమే రక్షణ. సుమారు 60 నుంచి 65 డిగ్రీల వేడినీటిలో అర నిమిషం నుంచి ఒక నిమిషం వరకు ముంచితే ఈకలు సులువుగా వస్తాయి, అంతకు మించితే చర్మం చిరుగుతుంది. చేపలు తినే బాతుల విషయం వేరు. వాటి కొవ్వుకు చేపల వాసన పడుతుంది కనుక చర్మాన్నీ, దాని కింది కొవ్వునూ తీసివేయడమే సరైనది. ఆ తరువాత మాంసాన్ని వేళ్లతో తడిమి తుపాకీ గుళ్లను, వాటి వెంట లోపలికి దూసుకుపోయిన ఈక ముక్కలను ఏరివేయాలి. గుళ్లు సీసపువైతే మరింత జాగ్రత్త, సీసం విషం. అది పిల్లలకు, గర్భిణులకు మరింత హాని చేస్తుంది. సీసపు గుళ్లు ఉన్న మాంసాన్ని పులుపులో నానబెట్టినా, ఉడికించినా సీసం మరింతగా కరిగి మాంసంలోకి దిగుతుంది. గాయం చుట్టూ ఉన్న మాంసాన్ని ఉదారంగా కోసి పారవేయండి.

పక్షి వయసు తెలుసుకుంటే ఎలా వండాలో తేలిపోతుంది. ఫెజెంట్ పుంజుకు కాలి వెనుక ఉండే ముల్లు పొట్టిగా, మొద్దుగా ఉంటే అది లేతది, పొడవుగా, మొనదేలి ఉంటే ముదురుది. రొమ్ము ఎముక చివర వేలితో నొక్కితే వంగడం కూడా లేత వయసుకు గుర్తు. ముదురు పక్షిని నిప్పుల మీద కాల్చాలని ప్రయత్నించవద్దు, దాన్ని నిదానంగా ఉడికించాలి.

నానబెట్టడానికి నిమ్మరసం, వెనిగర్ ఎక్కువగా వాడే అలవాటు ఉంది. నేను దాన్ని సమర్థించను. పులుపు పై పొరను దాటి లోతుకు పోదు, ఎక్కువసేపు ఉంచితే ఆ పై పొరనే పిండిపిండిగా మారుస్తుంది. నిజంగా పనిచేసేది ఉప్పునీరు. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కరిగించి, పూరేడును రెండు మూడు గంటలు, ఫెజెంట్‌ను ఎనిమిది నుంచి పది గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టాలి. ఉప్పు మాంసంలోని ప్రొటీన్లను సడలించి, వండేటప్పుడు అవి నీటిని వదలకుండా చేస్తుంది. తీసిన తరువాత తడి పూర్తిగా తుడవాలి, లేకపోతే చర్మం వేగదు.

ఇక వంట. రొమ్మును, కాళ్లను విడదీయడం అన్నింటికంటే ముఖ్యం. కాళ్లను కొద్దిపాటి ద్రవంలో మూతపెట్టి, బుడగలు అరుదుగా వచ్చేంత సన్నని మంట మీద రెండు నుంచి మూడు గంటలు ఉంచితే కొల్లాజెన్ మెత్తని జిగురులాంటి జెలటిన్‌గా మారి మాంసం ఎముక నుంచి ఊడివస్తుంది. గలగలా మరిగిస్తే మాత్రం తంతువులు ముడుచుకుని ఎండిపోతాయి. ఫెజెంట్ కాలి కింది భాగంలో గట్టి పుల్లల వంటి తంతువులు ఉంటాయి, అవి ఎంత ఉడికినా మెత్తబడవు కనుక ఉడికిన తరువాత మాంసాన్ని విడదీసి వాటిని ఏరివేయాలి.

రొమ్ముకు సమయం తక్కువ, శ్రద్ధ ఎక్కువ కావాలి. వేడెక్కిన పెనం మీద కొవ్వు వేసి రెండు వైపులా రంగు వచ్చేవరకు వేయించి, తరువాత మంట తగ్గించి థర్మామీటరును మందమైన చోట గుచ్చి చూడాలి. అమెరికా వ్యవసాయ శాఖ పక్షి మాంసమంతటికీ 74 డిగ్రీల సెల్సియస్‌ను సురక్షితమైన వేడిగా సూచిస్తుంది. ఆ అంకె చేరగానే దించేయాలి, ఎందుకంటే అది దాటిన ప్రతి నిమిషం రసాన్ని పిండేస్తుంది. లేత పక్షిని ముక్కలు చేయకుండా మొత్తంగా ఓవెన్‌లో కాల్చదలచుకుంటే రొమ్మును కొవ్వు పలకలతో కప్పి, చివరి పది నిమిషాలు మాత్రం వాటిని తీసివేయాలి. పూరేడును వెన్నెముక తీసి చదును చేస్తే మాంసమంతా ఒకేసారి ఉడుకుతుంది, పెద్ద మంట మీద పది పన్నెండు నిమిషాలకు మించి పట్టదు. దించిన తరువాత ఐదు నుంచి పది నిమిషాలు కదపకుండా ఉంచి, పదునైన కత్తితో తంతువులకు అడ్డంగా పలుచగా కోసి వడ్డించాలి.