ఆయిల్ లైటు వెలిగింది: తప్పు సెన్సర్‌దా, ఇంజిన్‌దా?

బండి నడుస్తుండగా మీటర్ బోర్డులో చుక్క కారే కూజా బొమ్మ ఎర్రగా వెలిగితే ముందు పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. విజయవాడలో బెంజి సర్కిల్ దాటాం, ఆటోనగర్ ఇంకెంత అని లాగించొద్దు. ఆయిల్ ప్రెషర్ నిజంగానే పోయి ఉంటే బేరింగులు పట్టేయడానికి ఆ కాస్త దూరం చాలు. ఈ లైటును వెలిగించే ఆయిల్ ప్రెషర్ స్విచ్చి (సెన్సర్) మార్చడం వందల్లో పోతుంది, క్రాంక్ దెబ్బతింటే ఖర్చు పదుల వేలల్లోకి వెళ్తుంది.

మొదట డిప్‌స్టిక్. బండి సమతలం మీద ఉండాలి, ఇంజిన్ ఆపి ఐదు పది నిమిషాలు కావాలి. గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడండి. చాలా చిన్న కార్లలో పై గుర్తుకీ కింది గుర్తుకీ మధ్య తేడా సుమారు లీటరు. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి, పెట్రోల్ వాసన కొడితే పలచబడింది. ఈ రెండింట్లో ఏది కనిపించినా సెన్సర్ జోలికి పోనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు మునిగిన బండి అయితే ఆయిల్‌తో పాటు కనెక్టర్ లోపల పచ్చ చిలుము పట్టిందేమో కూడా చూడండి.

మీ బండిలో లైటు మాత్రమే ఉందా, ప్రెషర్ చూపే ముల్లు గేజీ కూడా ఉందా అన్నదాన్ని బట్టి మిగతా పరీక్ష మారుతుంది.

లైటు ఒక్కటే ఉంటే కింద ఇంజిన్‌కు బిగించి ఉండేది మామూలు స్విచ్చి. ప్రెషర్ సుమారు 0.3 నుంచి 0.5 బార్ (ప్రెషర్ కొలత) దాటగానే లోపలి పాయింటు విడిపోయి లైటు ఆరుతుంది. అంటే లైటు ఆరినంత మాత్రాన ప్రెషర్ బాగున్నట్టు కాదు, మరీ సున్నా కాలేదని మాత్రమే.

తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూడండి, లైటు వెలగాలి. ఇప్పుడు స్విచ్చి వైరు పీకండి, ఆరాలి. అదే వైరు కొనను ఇంజిన్ ఇనుముకు తాకించండి, మళ్లీ వెలగాలి. పీకినా ఆరకపోతే వైరు దారిలో ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది, ఎక్కువగా ఇంజిన్ వెనక వేడి చోట ఇన్సులేషన్ కరిగిపోయి ఉంటుంది. తాకించినా వెలగకపోతే బల్బు, ఫ్యూజు, లేదా వైరు తెగడం. ఇది ఒంటి వైరు స్విచ్చికే. మూడు వైర్లు ఉంటే అది 5 వోల్టుల సెన్సర్, దాని వైర్లు బాడీకి తాకించకూడదు. ఒక వైరు 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. చాలా సెన్సర్లలో సిగ్నల్ 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య కదులుతుంది. కొన్ని జర్మన్ బండ్లకు రెండో స్విచ్చి ఉంటుంది, అది ప్రెషర్ పెరిగితే కలుస్తుంది. అక్కడ పై లెక్క తిరగబడుతుంది.

ముల్లు ఉన్న పాత బండ్లలో స్విచ్చికి బదులు సెండర్ ఉంటుంది, అది ప్రెషర్‌ను బట్టి రెసిస్టెన్స్ మారుస్తుంది. 10 నుంచి 180 ఓమ్‌ల రకంలో వైరు ఎర్త్ చేస్తే ముల్లు సున్నాకి పడుతుంది, పీకితే పైకి పోతుంది. 240 నుంచి 33 ఓమ్‌ల రకంలో సరిగ్గా దీనికి ఎదురు. రెండు పక్కలా ముల్లు కదిలితే గేజీ, వైరు బాగున్నట్టే, ఇక సెండర్‌నీ ప్రెషర్‌నీ చూడాలి. గేజీ ఒక రకం, సెండర్ ఇంకో రకం కొని బిగించి ఇంజిన్‌ను తప్పు పట్టడం తరచూ జరిగేదే.

అసలు తీర్పు మెకానికల్ గేజీది, అంటే స్విచ్చి చోట బిగించి ప్రెషర్‌ను నేరుగా చూసే మీటరుది. ఆటోనగర్లో ఇంజిన్ పని చేసేవాళ్ల దగ్గర ఉంటుంది. ఇంజిన్ చల్లారాక స్విచ్చిని బాక్స్ పానాతో విప్పండి, కింద గుడ్డ పెట్టండి, కాస్త ఆయిల్ కారుతుంది. గేజీని బిగించే అడాప్టర్ మర సరిచూసుకోండి, పైపు మరల్లో రెండు రకాలున్నాయి. 1/8 బీఎస్పీలో అంగుళానికి 28 చుట్లు, 1/8 ఎన్‌పీటీలో 27. ఒకదాంట్లో ఒకటి మొదటి రెండు చుట్లు తేలిగ్గా ఎక్కుతాయి, అక్కడి నుంచి బిగిస్తే అల్యూమినియం మర ఊడొస్తుంది. చేత్తో తిప్పినప్పుడే పట్టేస్తుంటే ఆపండి.

గేజీ పెట్టి స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఆగాలి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద చూస్తే చిక్కటి ఆయిల్ మంచి రీడింగే ఇస్తుంది, మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర లైటు మిణుకుమనే జబ్బు అప్పుడు దొరకదు. మోటు లెక్క, ప్రతి 1000 ఆర్‌పీఎమ్‌కు 10 పీఎస్‌ఐ, అంటే 3000 దగ్గర 30 పీఎస్‌ఐ, సుమారు 2 బార్. మీ బండి మాన్యువల్లో అంకె ఉంటే అదే ప్రమాణం.

గేజీ బాగా చూపిస్తూ లైటు వెలుగుతుంటే స్విచ్చి మార్చేయండి. ఐడిల్‌లో పడిపోయి రేస్ చేస్తే లేస్తుంటే పలచటి ఆయిల్, అరిగిన బేరింగులు లేదా పంపు. రేస్ చేసేకొద్దీ పడిపోతుంటే సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) స్ట్రైనర్ జల్లెడకు మడ్డి పట్టిందేమో చూడాలి. ఎప్పుడూ తక్కువే ఉంటే ఎక్కువైన ప్రెషర్‌ను వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుని ఉండొచ్చు. చిక్కటి ఆయిల్ పోసి లైటు ఆర్పే చిట్కా కొన్నాళ్లు పనిచేస్తుంది, బేరింగు మాత్రం అరుగుతూనే ఉంటుంది.

కొత్త స్విచ్చి బిగించేటప్పుడు మర మొత్తానికి టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. ఒంటి వైరు స్విచ్చికి ఎర్త్ ఆ మర నుంచే అందుతుంది, పైగా తెగిన టేపు ముక్క ఆయిల్ దారిలోకి పోతుంది. కొత్తదాని మీద సీలెంట్ ముందే పూసి వస్తే ఇంకేమీ అక్కర్లేదు, లేకపోతే మొదటి రెండు చుట్లు వదిలి పలచగా సీలెంట్ రాయండి. పాత స్విచ్చి కనెక్టర్లోకి ఆయిల్ కార్చి ఉంటే పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరనివ్వండి. పది నిమిషాలు నడిపి స్విచ్చి చుట్టూ తెల్ల కాగితం అద్ది తడి చూడండి, మర్నాడు పొద్దున ఇంకోసారి డిప్‌స్టిక్ తీయండి.