నల్గొండ, పాలమూరు పిల్లలు ఒక్క సెమిస్టర్ విదేశీ యూనివర్సిటీలో చదవాలంటే ఏం చేయాలి?

విదేశాల్లో చదువు అనగానే మన దగ్గర అందరికీ గుర్తొచ్చేది రెండేళ్ల ఎంఎస్. దిల్‌సుఖ్‌నగర్‌లో కన్సల్టెన్సీ, బ్యాంకు లోన్, తర్వాత ఉద్యోగం వేట. కానీ ఇక్కడి డిగ్రీనో బీటెక్కో చదువుతూనే మధ్యలో ఒక్క సెమిస్టర్ బెర్లిన్‌లోనో సింగపూర్‌లోనో టోక్యోలోనో చదివి తిరిగొచ్చే దారి కూడా ఉంది, దాని లెక్క పూర్తిగా వేరు. కన్సల్టెన్సీ వాళ్లకు దీంట్లో పెద్దగా మిగిలేదేమీ ఉండదు కాబట్టి వాళ్లు చెప్పరు. అసలు పని వీసా ఆఫీసులో కాదు, మీ కాలేజీ ఎగ్జామ్ బ్రాంచిలో ఉంటుంది. అక్కడ రాసిన సబ్జెక్టులు ఇక్కడి మెమోలోకి ఎక్కుతాయా లేదా అన్నది ముందు తేల్చుకోండి, మిగతావన్నీ ఆ తర్వాతే.

1. మీ కాలేజీకి ఒప్పందం ఉందా?

నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. మీరు వీటి కింద చదువుతున్నా, జేఎన్‌టీయూ కింద అటానమస్ కాలేజీలో ఉన్నా, హైదరాబాద్‌లో ప్రైవేటు యూనివర్సిటీలో చేరినా, అడగాల్సిన మాట ఒకటే: ఏ విదేశీ యూనివర్సిటీతో స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ ఒప్పందం ఉంది? ఎంఓయూ (ఒప్పంద పత్రం) ఉందంటే ఆగిపోవద్దు. శాలువాలు కప్పుకొని ఫొటో దిగిన ఎంఓయూలు చాలా ఉంటాయి. ఆ కాగితంలో విద్యార్థులను పంపే మాట ఉందా, ట్యూషన్ ఫీజు మాఫీ ఉందా, ఇప్పటిదాకా ఎవరైనా వెళ్లొచ్చారా అని అడగండి. వెళ్లొచ్చిన సీనియర్ ఒక్కరు దొరికితే సగం పని అయినట్టే.

ఎక్స్ఛేంజ్ అయితే ఫీజు మీ కాలేజీకే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. విజిటింగ్ స్టూడెంట్‌గా సొంతంగా వెళ్తే అక్కడి ఫీజు మీరే కట్టుకోవాలి, అమెరికా, లండన్ లాంటి చోట్ల అది లక్షల్లో ఉంటుంది. రెండూ బయటి నుంచి ఒకేలా కనిపిస్తాయి, మోసపోవద్దు. యూరప్ వాళ్ల ఎరాస్మస్ ప్లస్ అనే స్కాలర్‌షిప్ పథకం కింద నెలనెలా స్టైపెండ్, ప్రయాణ ఖర్చు కూడా వస్తాయి కానీ అది కూడా రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంటేనే. ఏ ఒప్పందమూ లేకపోతే, నా మాట వినండి, క్రెడిట్లు పోగొట్టుకుని సెమిస్టర్ మొత్తం పోయే బదులు సెలవుల్లో నాలుగు వారాల సమ్మర్ స్కూల్ చూసుకోండి.

2. ఏ సెమిస్టర్?

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. జర్మనీలో శీతాకాలం సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది, క్లాసులు ఫిబ్రవరి మధ్యదాకా, ఆ తర్వాత పరీక్షలు. అంటే మీరు తిరిగొచ్చేసరికి ఇక్కడ రెండో సెమిస్టర్ సగం అయిపోయి ఉంటుంది. సింగపూర్‌లో ఆగస్టు నుంచి డిసెంబరు మొదటివారం, అమెరికాలో ఆగస్టు చివర నుంచి డిసెంబరు మధ్య, ఇవి మన క్యాలెండర్‌కు దగ్గరగా ఉంటాయి. జపాన్‌లో ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబరు, అక్టోబరులో ఒకటి మొదలవుతాయి. చివరి సంవత్సరం రెండో సెమిస్టర్‌లో ప్రాజెక్టు తప్ప పెద్దగా క్లాసులు లేని బ్రాంచివాళ్లకు జర్మనీ కూడా కుదురుతుంది. ఏదైనా సరే ఏడాది ముందు మొదలుపెట్టాలి.

3. క్రెడిట్లు కాగితం మీదికి తెచ్చుకోండి

అక్కడ తీసుకోబోయే సబ్జెక్టులు ఒకవైపు, వాటికి బదులు ఇక్కడ మాఫీ అయ్యే సబ్జెక్టులు ఒకవైపు రాసి మీ హెచ్‌ఓడీ, ఎగ్జామ్ బ్రాంచి, అవతలి యూనివర్సిటీ ముగ్గురూ సంతకం పెట్టాలి. దీన్ని లర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. యూరప్‌లో ఒక సెమిస్టర్ అంటే 30 ఈసీటీఎస్ (అక్కడి దేశాలన్నీ వాడే లెక్క) క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల చదువు. మన క్రెడిట్‌తో అది ఒకటికి ఒకటి సరిపోదు, ఎలా మారుస్తారో కూడా అదే కాగితంలో రాయించుకోండి. "పోయి రా, తర్వాత చూద్దాం" అన్న సార్ మాట నమ్ముకుని విమానం ఎక్కొద్దు. మీరొచ్చేసరికి ఆ సార్ వేరే కాలేజీకి పోయి ఉండొచ్చు.

అక్కడికి పోయాక ఒక కోర్సు టైమ్‌టేబుల్ కుదరదు, ఇంకోటి ఆ ఏడాది చెప్పరు. అందుకే రెండు మూడు కోర్సులు ఎక్కువ రాయించుకోవడం మంచిది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈపాస్ ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు 75 శాతం హాజరు నిబంధన ఉంది కదా, ఆ సెమిస్టర్ హాజరు ఎలా చూపిస్తారో ప్రిన్సిపాల్ దగ్గర రాతపూర్వకంగా అడగండి.

4. పాస్‌పోర్ట్, పేరు గొడవ

పాస్‌పోర్ట్ కోసం సికింద్రాబాద్ దాకా పోవాల్సిన పనిలేదు, నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రాలు ఉన్నాయి. 36 పేజీల మామూలు పాస్‌పోర్ట్‌కు 1500 రూపాయలు. దాన్ని మించిన టెన్షన్ పేరుతో వస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి అది కూడా ఒక్క పొడి అక్షరమే. ఆధార్‌లో అదే ఇంటిపేరు వెనక్కి పోతుంది. నాన్న పేరు ఒక దాంట్లో "ఎల్లయ్య", ఇంకో దాంట్లో "యల్లయ్య". దరఖాస్తు పెట్టకముందే అన్నీ టెన్త్ మెమో ప్రకారం సరిచేయించుకోండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే గడిలో పెట్టారనుకోండి, అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు కింద పడి అసలు పేరు దగ్గర "ఎఫ్‌ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వస్తుంది, తర్వాత ప్రతి కాగితం దగ్గరా వివరణ ఇచ్చుకోవాలి.

5. డబ్బు ఎక్కడిది అని అడుగుతారు

ఫీజు మాఫీ అయినా ఉండటానికి, తినడానికి డబ్బు ఉందని చూపించాలి. జర్మనీ అయితే నెలకు 992 యూరోల చొప్పున లెక్క, ఆరు నెలలకు 5,952 యూరోలు, మన రూపాయల్లో సుమారు ఆరు లక్షలు. ఈ మొత్తాన్ని ముందే ఒక ప్రత్యేక ఖాతాలో వేయాలి, దాన్ని బ్లాక్డ్ అకౌంట్ అంటారు, అది ఫీజు కాదు, మీ డబ్బే నెలనెలా మీకు తిరిగొస్తుంది. ఆ అంకె మారుతుంటుంది కాబట్టి దరఖాస్తు రోజున ఎంబసీ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

మనలో ఎక్కువమందివి వ్యవసాయం ఇళ్లు, డబ్బు పంట అమ్మినప్పుడే ఒక్కసారిగా వస్తుంది. పత్తి అమ్మినా బత్తాయి తోట అమ్మినా ఖాతాలో ఒకేరోజు పెద్ద మొత్తం పడితే వీసా ఆఫీసర్‌కు అది అప్పు తెచ్చి వేసినట్టే కనిపిస్తుంది. మార్కెట్ యార్డు తక్‌పట్టీలు, వడ్ల కొనుగోలు కేంద్రం రసీదులు, పట్టాదారు పాస్‌బుక్ కాపీ, మీసేవలో తీసిన ఆదాయ ధ్రువపత్రం అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. డబ్బు కూడా దరఖాస్తుకు కొన్ని నెలల ముందే ఖాతాలో ఉండేలా చూసుకోండి. వడ్డీ వ్యాపారి దగ్గర వారం రోజులకు తెచ్చి చూపించే పని అస్సలు వద్దు.

రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షలు వస్తాయి కదా అని ఊళ్లో ఎవరో ఒకరు చెప్తారు. అది విదేశాల్లో పూర్తి పీజీ లాంటి చదువులకు, ఒక్క సెమిస్టర్‌కు కాదు.

6. వీసా

యూరప్‌లో 90 రోజులు దాటితే షెంగెన్ (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే) టూరిస్ట్ వీసా పనికిరాదు, మీరు వెళ్లే దేశపు డి టైప్ (ఎక్కువకాలం ఉండటానికి ఇచ్చే) వీసా కావాలి. బ్రిటన్‌లో గుర్తింపు ఉన్న సంస్థలో ఆరు నెలల లోపు చదువుకు స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోతుంది కానీ దానిమీద పార్ట్‌టైమ్ పని చేయకూడదు. అమెరికా ఎక్స్ఛేంజ్ వాళ్లకు ఎక్కువగా జే-1 అనే వీసా ఇస్తారు, ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. జర్మనీలో విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు, కానీ ఒక్క సెమిస్టర్‌కు పోయి హోటల్లో గిన్నెలు కడుగుతూ పాస్ కాకపోతే ఏం లాభం?

7. గది, సామాను

పెద్ద నగరాల్లో గది దొరకడమే కష్టం, మ్యూనిక్, బెర్లిన్‌లో మరీను. అడ్మిషన్ మెయిల్ రాగానే అదే రోజు యూనివర్సిటీ హాస్టల్‌కు అప్లై చేయండి. గది చూపించకుండా అడ్వాన్స్ పంపమనేవాడికి ఒక్క రూపాయి పంపొద్దు.

అమ్మ తప్పకుండా నెయ్యి డబ్బా, చికెన్ పచ్చడి సర్దుతుంది. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకుపోనివ్వరు, విమానాశ్రయంలోనే పడేస్తారు. మామిడికాయ తొక్కు, కారప్పొడి, సకినాలు పెట్టమనండి, అవి కూడా చెక్-ఇన్ బ్యాగులో. ఇక్కడి సిమ్‌కు రోమింగ్ వేయించి ఓటీపీలు వచ్చేలా ఉంచుకోండి. సిమ్ ఆగిపోతే బ్యాంకు పనులన్నీ ఆగిపోతాయి. పాలమూరు వాళ్లకు శంషాబాద్ దారిలోనే వస్తుంది, నల్గొండ నుంచి అయితే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే సిటీ ట్రాఫిక్ తప్పుతుంది. సాగనంపడానికి జీపు నిండా చుట్టాలు రావడం మీ ఇష్టం, టర్మినల్ లోపలికి మాత్రం టికెట్ ఉన్నవాళ్లే.

8. అక్కడికి పోయాక, తిరిగొచ్చే ముందు

జర్మనీలో గదిలో దిగిన రెండు వారాల్లోపు సిటీ ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి. కోర్సు ఏదైనా మారితే వెంటనే కాలేజీకి మెయిల్ పెట్టి మార్చిన లర్నింగ్ అగ్రిమెంట్ మీద మళ్లీ సంతకాలు తెప్పించుకోండి, ఇది వదిలేస్తే ముందు పడ్డ కష్టమంతా వృథా. పరీక్షలకు విడిగా రిజిస్టర్ కావాల్సిన యూనివర్సిటీలు ఉన్నాయి, ఆ తేదీ దాటితే క్లాసులకు రోజూ పోయినా పరీక్ష రాయనివ్వరు.

మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్ మీరు ఇంటికొచ్చిన చాలా వారాలకు గానీ రాదు. అందుకే బయలుదేరే ముందే అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసుకు పోయి, నేరుగా మీ ఎగ్జామ్ బ్రాంచికి ఒకటి, మీకు ఒకటి పంపమని రాసిచ్చి రండి. వచ్చాక దాన్ని అప్లికేషన్‌తో పాటు ఎగ్జామ్ బ్రాంచిలో ఇచ్చి, కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి, కొత్త మెమో చేతికొచ్చేదాకా ఆ కాపీ పారేయొద్దు.