తల్లిలేని పిల్లికూనలు – 4వ పాఠం: బోర్లా ఉంచి పట్టండి

గత పాఠం చదివి పాలు పట్టినవాళ్ళలో చాలామంది రెండే మాటలు చెప్పారు. కూన నోరు తెరవడం లేదు, తెరిస్తే ముక్కులోంచి పాలు వస్తున్నాయి. పొరపాటు నాదే. పాలపొడి కలపడం, మొదటివారం రెండు మూడు గంటలకోసారి పట్టడం చెప్పాను గానీ పట్టేముందు కూనను ముట్టి చూడమనలేదు. కాబట్టి మలమూత్రాల పాఠం వచ్చేసారికి జరుపుతున్నాను. అప్పటిదాకా ప్రతిసారీ పాలయ్యాక గోరువెచ్చని తడిదూదితో మలమూత్రాల చోట తుడవడం మాత్రం మానకండి.

చల్లబడ్డ కూనకు పాలు పట్టకూడదు. ఒళ్ళు చల్లబడితే పేగులు కదలవు, పాలు అరగవు. మొన్నటి వానకు మలక్‌పేటలో ఒక సెల్లార్‌లో తడిసిన అట్టపెట్టెలో రెండు కూనలు దొరికాయి. నోట్లో చిటికెనవేలు పెడితే చల్లగా తగిలింది. తెచ్చినావిడ అప్పటికే సిరంజితో సిద్ధంగా ఉంది. వద్దని, రెండింటినీ తుడిచి చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని కూర్చున్నాను. గంట దాటాక అవే మూతితో వెతుక్కోవడం మొదలుపెట్టాయి. అప్పుడు పట్టాం. హాట్ వాటర్ బ్యాగ్ వాడేవాళ్ళు తువ్వాలు చుట్టి, పెట్టెలో ఒక పక్కనే పెట్టండి. వేడెక్కితే కూన రెండో పక్కకు పాకాలి.

ఇక ముక్కులోంచి పాలు. ఎంత చెప్పినా మళ్ళీ మళ్ళీ జరిగేది ఇదే, నాకు కోపం తెప్పించేదీ ఇదే. మన ఇళ్ళల్లో పసిబిడ్డను కాళ్ళమీద వెల్లకిలా వేసుకుని ఉగ్గుగిన్నెతో పట్టడం చూశాం. చేయి అలవాటుగా కూననూ అలాగే తిప్పేస్తుంది. తిప్పొద్దు. తల్లి దగ్గర కూన బోర్లా ఉండి, ముంగాళ్ళతో పొట్టను పిసుకుతూ తాగుతుంది. వెల్లకిలా ఉంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పెద్దవాళ్ళకు పొలమారితే దగ్గి కక్కేస్తాం, కూనకు ఆ బలం లేదు. న్యుమోనియా వచ్చి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. ఒళ్ళో వెల్లకిలా వద్దు, ఒక చేత్తో ఎత్తిపట్టుకునీ వద్దు, ఫోటో కోసం ఒక్క నిమిషమైనా వద్దు. మడిచిన తువ్వాలు మీద నాలుగు కాళ్ళూ ఆనాలి, తల కొంచెమే ఎత్తుగా ఉండాలి. ముక్కులో పాలు కనిపిస్తే వెంటనే ఆపి, తల కిందికి వంచి తుడవండి. ఊపిరిలో గురక వినిపిస్తే అదేరోజు డాక్టర్ దగ్గరికి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది.

మొదటివారం నేను సీసా వాడను. సూది తీసేసిన 1 మి.లీ. సిరంజి చాలు, ఎంత పోతోందో కంటికి కనిపిస్తుంది.

అభ్యాసం: కూనను ముట్టకముందే సిరంజిలో నీళ్ళు నింపి, సాసర్‌లోకి చుక్కచుక్కగా వదలండి. 1 మి.లీ. ఖాళీ కావడానికి పూర్తి నిమిషం పట్టాలి. ఒక్కసారి ధార కట్టినా మొదటినుంచి లెక్క. వరుసగా ఇరవైసార్లు కుదరాలి. రోజూ ఒకే వేళకు వంటింటి తూకం మీద కూనను తూచి రాసుకోండి. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుండే కూన రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒకరోజు పెరగకపోతే ఆ రాత్రి ఒక పూట పాలు ఎక్కువ పట్టండి. బరువు తగ్గితే మర్నాటిదాకా ఆగకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.