తప్పుడు రిటర్న్ వచ్చిందా? క్లెయిమ్ ఇలా వేయండి

ఆన్‌లైన్‌లో అమ్మిన పోచంపల్లి పట్టుచీర పంపితే రిటర్న్ కవర్లో నలిగిన పాలిస్టర్ చీర వస్తుంది. అప్పటికే కొన్నవాళ్ల ఖాతాలోకి డబ్బు వాపస్ వెళ్లిపోయి ఉంటుంది. ఇలా నిజంగా నష్టపోయిన అమ్మకందారులు పరిహారం కోసం వేసే క్లెయిములు కూడా తిరస్కరణకు గురవడం, ఆ తర్వాత వాళ్లు ఏజెంట్ల చేతిలో పడటం చూశాక ఇది రాస్తున్నాను.

దరఖాస్తు పెద్ద పనేం కాదు. అమెజాన్‌లో దీన్ని సేఫ్-టీ క్లెయిమ్ అంటారు, ఫ్లిప్‌కార్ట్‌లో ఎస్‌పీఎఫ్ (సెల్లర్ ప్రొటెక్షన్ ఫండ్) క్లెయిమ్. మీషోలోనూ సప్లయర్ ప్యానెల్ (అమ్మకందారు ఖాతా పేజీ) నుంచే పెట్టుకోవాలి. ఆర్డర్ నంబరు, రిటర్న్ నంబరు ఇచ్చి, కారణం ఎంచుకుని, ఫొటోలు, వీడియో జతచేసి సబ్మిట్ కొట్టడమే. గడువు మాత్రం రోజుల్లోనే ఉంటుంది. అది సాధారణంగా పార్సిల్ మీకు డెలివరీ అయినట్టు నమోదైన తేదీ నుంచి లెక్కకొస్తుంది, మీరు విప్పిన రోజు నుంచి కాదు. అందుకే రిటర్న్‌లను వారానికోసారి విప్పుదామని మూలన పేర్చి ఉంచకండి.

కారణం దగ్గర ఒక్క క్షణం ఆగండి. వేరే వస్తువు రావడం, వాడేసిన వస్తువు రావడం, ఖాళీ కవర్ రావడం, అసలు పార్సిలే రాకపోవడం, ఇవన్నీ వేర్వేరు. కోపంలో ఏదో ఒకటి నొక్కితే మీరు పెట్టిన ఫొటోలకూ కారణానికీ పొంతన ఉండదు.

ఎక్కువమంది దెబ్బతినేది వీడియో దగ్గర. చీర మారిందని కవర్ విప్పాక తెలుస్తుంది, అప్పుడు ఫోన్ తీస్తారు. ఆ వీడియో దేన్నీ రుజువు చేయదు, ఎందుకంటే ఆ చీర ఆ కవర్లోంచే వచ్చిందని అందులో ఎక్కడా కనబడదు. కవర్ మూసి ఉండగానే రికార్డింగ్ మొదలుపెట్టండి. లేబుల్ మీది ఏడబ్ల్యూబీ (పార్సిల్ ట్రాకింగ్) నంబరు స్పష్టంగా చదవగలిగేలా దగ్గరగా చూపండి. కవర్‌ను అన్ని వైపులా తిప్పి టేపు ఎలా ఉందో చూపండి. తర్వాత కత్తిరించి, చీర తీసి, పూర్తిగా మడత విప్పి, కొంగు, అంచు చూపండి. ఇదంతా ఒకే షాట్‌లో, మధ్యలో ఆపకుండా జరగాలి. పంపేటప్పుడు కూడా ఇలాగే ప్యాకింగ్ వీడియో తీసి ఉంచితే రెండూ పక్కపక్కన పెట్టి చూపొచ్చు. చీర అంచుకు మీ సొంత నంబరు వేసిన చిన్న ట్యాగ్ కుట్టండి. రెండు వీడియోల్లోనూ ఆ ట్యాగ్ చోటును దగ్గరగా చూపితే వాదనకు పెద్దగా తావుండదు.

డెలివరీ బాయ్ తెచ్చిన కవర్ ముందే చిరిగి ఉంటే, సంతకం పెట్టే ముందే ఆ మాట నమోదు చేయమనండి. అతను తొందరపెడతాడు. ఫర్వాలేదు, ఆ రెండు నిమిషాలు అడిగే హక్కు మీకుంది.

కవర్ విప్పిన వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపి, ఫోన్‌లో చోటు లేదని అసలుది డిలీట్ చేసేవాళ్లున్నారు. వాట్సాప్ వీడియోను కుదించేస్తుంది, లేబుల్ మీది నంబరు మసకబారుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది తర్వాత వస్తుంది. కేసు కోర్టు దాకా వెళ్తే, భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం డిజిటల్ ఆధారానికి సర్టిఫికెట్ జతచేయాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ పద్ధతిలో సర్టిఫికెట్‌కు రెండు భాగాలుంటాయి. ఒకటి మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. అందులో ఫైల్ హ్యాష్ విలువ, అంటే ఫైల్‌కు వేలిముద్రలాంటి కోడ్, రాయాలి. కుదించిన ఫైల్ హ్యాష్ అసలు ఫైల్‌తో కలవదు. ఫిర్యాదు ఇచ్చే రోజే ఈ సర్టిఫికెట్ లేదని భయపడకండి. అసలు ఫైల్‌ను ఫోన్‌లో అలాగే ఉంచి, పెన్‌డ్రైవ్‌లో మరో కాపీ పెట్టుకోండి, చాలు.

క్లెయిమ్ తిరస్కరిస్తే అక్కడితో వదిలేయకండి. కారణం చదివి, దానికి సూటిగా జవాబిస్తూ అప్పీల్ పెట్టండి. మంజూరైనా ఒక్కోసారి పూర్తి మొత్తం రాకపోవచ్చు. ఈ దశలోనే ‘మేం ఇప్పిస్తాం, సగం కమిషన్’ అని ఏజెంట్ల ఫోన్లు వస్తాయి. వాళ్లు అడిగేది మీ సెల్లర్ ఖాతా లాగిన్, ఓటీపీ. అవి చేతికిస్తే బ్యాంకు ఖాతా నంబరే మార్చేయగలరు. క్లెయిమ్ వేయడానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకుంటే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఒకే కొనుగోలుదారు పదేపదే ఇలా చేస్తుంటే పోలీసు ఫిర్యాదు ఇవ్వొచ్చు. మోసానికి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 318 ఉంది. కొన్నవాళ్లు వేరే ఊళ్లో ఉన్నారని స్టేషన్‌లో తిప్పి పంపకూడదు, ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయగల జీరో ఎఫ్‌ఐఆర్ ఉన్నది అందుకే. తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించొచ్చు, అప్పుడు ఆ రసీదు అవసరమవుతుంది.